లంకలకు టాంటాం వినబడిందా?

కొల్లేటి బతుకుల్ని తిరగరాసిన జీఓ 120 కథ. దాంతోపాటు ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్ల దాకా వచ్చే గెజిట్ కాగితాల సంగతి

1999 అక్టోబరు 4, సోమవారం. పోలింగు అయిపోయింది. ఎల్లుండి ఓట్ల లెక్కింపు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కైకలూరులోనైనా నలుగురు చేరితే ఎవరు గెలుస్తారన్న మాట తప్ప మరో మాట లేని రోజులు. ఆ సోమవారమే హైదరాబాదు సచివాలయంలో పర్యావరణ, అటవీ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. జీఓ ఎంఎస్ నంబరు 120. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీతకు లోపలున్న కొల్లేరునంతా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 308.55 చదరపు కిలోమీటర్లు. రైతు లెక్కలో చెప్పాలంటే 76 వేల ఎకరాల పైమాటే.

ఎన్నికల సందడి చూసి కావాలనే ఆ రోజు ఇచ్చారని నేననను. ఫైలు నడక ఫైలుది. 1995లో ప్రాథమిక నోటిఫికేషనుతో మొదలైన పని అప్పటికి పూర్తయింది, అంతే. కానీ రెండు రోజుల తర్వాత ఎవరికెన్ని సీట్లో ఊరూరా తెలిసిపోయింది. 120 మాత్రం అలా తెలియలేదు. ఆ ఎన్నికల ఫలితాల కన్నా ఆ ఒక్క కాగితమే కొల్లేటి లంక ఊళ్ల రాతను ఎక్కువగా మార్చిందంటే కాదనేవాళ్లు లంకల్లో తక్కువ. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా 120 మారలేదు.

గట్టు కాదు, మట్టం

మన దగ్గర భూమి అంటే సర్వే నంబరు. దస్తావేజు తీస్తే ఊరి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, కింద చెక్కుబందీ: తూర్పున ఫలానావారి చేను, పడమర పుంత, ఉత్తరాన బోదె. ఏ పట్టాలోనూ, ఏ పాసుపుస్తకంలోనూ ఆ చేను సముద్రానికి ఎన్నడుగుల ఎత్తునుందో రాయరు. జీఓ 120 గీసిన గీత ఎత్తును బట్టి నడిచేది. అది గట్టు వెంట పోదు, పుంత దగ్గర ఆగదు. ఒకే మనిషి పొలంలో ఒక మూల అభయారణ్యంలోకి, ఇంకో మూల బయటికి పోవచ్చు. ఏ మూల ఎటు పడిందో కంటితో చూసి చెప్పలేం. లెవెల్ పట్టి చూడాల్సిందే.

పైగా అది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు, చుట్టుపక్కల డ్రెయిన్లు వదిలే నీళ్లు అన్నీ ఇక్కడికే. ఇక్కణ్నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలంలో ఉన్న సరస్సు వేసవిలో ఉండేది కాదు. నీళ్లు వెనక్కి తగ్గిన మేర దాళ్వా వేసేవారు, నీళ్లు నిండితే చేపలకు మావులు పెట్టేవారు. నేలా నీళ్లూ వంతులేసుకున్న చోట ఒక మట్టాన్ని పట్టుకుని ఇదే హద్దు అనడం సర్వే పుస్తకంలో సులువు, పొలంలో కాదు. ఒండ్రు పేరుకుంటే నేల పైకొస్తుంది, చెరువు తవ్వితే కిందికి పోతుంది, గట్టు పోస్తే మళ్లీ లేస్తుంది. గెజిట్‌లో గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు ఆగడాలలంకలోనో, గుడివాకలంకలోనో, శ్రీపర్రులోనో అడిగి చూడండి. ఆ ఎత్తు గీతను కాంటూరంటారు, ఆ మాట తెలియని పెద్దమనిషి కనబడడు. మాది ఐదులో పడింది, వాళ్లది మూడు పైన ఉంది అని సంబంధం మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడతారు. ఈ చదువు మాత్రం వాళ్లకు జీఓ రాకముందు కాదు, వచ్చాకే అబ్బింది.

ఈ నీళ్ల మీద గీతలు ఒకటీ రెండూ కావు. 2002 ఆగస్టులో కొల్లేరు అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. అక్కడ లెక్క పదో కాంటూరు వరకు, 90,100 హెక్టార్లు. అభయారణ్యం లెక్క ఐదు వరకు. కుదిస్తామని రాజకీయ నాయకులు ఇస్తూ వచ్చిన హామీ మూడు వరకు, అంటే సుమారు 135 చదరపు కిలోమీటర్లు. మధ్యలో మనుషులున్న ఊళ్లు.

తవ్వమన్న కాగితం, పూడ్చమన్న కాగితం

జీఓ 120ని పేదల మీద పగబట్టిన కాగితంగా చూపించడం తేలిక. నిజం అంత తేలిక కాదు. అది సంప్రదాయ పద్ధతిలో చేసే సాగును, వేటను తోసిపుచ్చలేదు. కాదన్నది చేపల చెరువుల్ని. వాటిని కాదనడానికి కారణమూ ఉంది. గట్టు మీద గట్టు పోసి సరస్సును గళ్లగళ్లుగా కోసేశాక వరదనీరు ఉప్పుటేరుకు చేరే దారి మూసుకుపోయింది. మేత, మందులు, ఎరువులు నీటిలో కలిశాయి. ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూడ్డానికి వెళ్లే మనం ఆ పక్షులకు మిగిలిన నీళ్లెన్నో కూడా చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లు చివరికి వచ్చి చేరేది కొల్లేటికే. కొల్లేరు బాగుండాలన్నది పక్షుల ముచ్చట మాత్రమే కాదు, లంక ఊళ్లలో ఇళ్లలోకి నీళ్లు రాకుండా ఉండే మార్గం కూడా.

అయితే ఆ చెరువులు అసలు ఎలా వచ్చాయి? 1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, ప్రభుత్వమే లంకల్లోని పేదలతో సహకార సొసైటీలు పెట్టించి చేపల చెరువులకు బాట వేసింది. అదీ ప్రభుత్వ కాగితమే. వడ్డి కులస్తులు, దళితులు సొసైటీ సభ్యులయ్యారు. చేప పెంచాలంటే పిల్ల, మేత, పెట్టుబడి కావాలి. అవి ఉన్నవాళ్లు బయటి నుంచి వచ్చారు. చెరువు సొసైటీ పేరున, లీజు షావుకారు చేతిలో, సభ్యుడికి ఏడాదికి ఇంత అని వాటా. శీలావతి, బొచ్చె లారీలెక్కి రాష్ట్రం దాటిన కొద్దీ చెరువులు పెరిగాయి. అసలు సొసైటీ చెరువేదో, ఆక్రమించి తవ్విందేదో తేడా చెరిగిపోయింది.

ఇందులో లీజుదారుడి సంగతి వేరు. అతనికి లాయరున్నాడు, ఏలూరులో మనిషున్నాడు, హైదరాబాదులో మనిషున్నాడు. గెజిట్‌లో ఏం పడిందో అతను చదవకపోయినా చదివి చెప్పేవాళ్లున్నారు. వాటాదారుకు ఎవరున్నారు? ఒకప్పుడు ఊళ్లో సర్కారు కాగితం చదివి చెప్పే మనిషి కరణం. ఆ వంశపారంపర్య పదవుల్ని 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. మంచిపనే. కాగితం చదవగలవాడే దాన్ని తిరగరాసేవాడు కూడా అన్నది కరణం గురించి ఏ పల్లెనడిగినా చెబుతుంది. కానీ ఆ కుర్చీ ఖాళీ అయ్యాక చదివి చెప్పే పని ఎవరిదన్నది ఎవరికీ పట్టలేదు.

రెండు నెలల కిటికీ

వన్యప్రాణి చట్టం 1972 నాటిది. దాన్ని తిట్టేవాళ్లలో చాలామంది దాన్ని చదివి ఉండరు. ఒక ప్రాంతాన్ని అభయారణ్యం చేయాలంటే ముందు 18వ సెక్షను కింద ఉద్దేశాన్ని ప్రకటించాలి. అప్పుడు కలెక్టరు రంగంలోకి దిగాలి. 21వ సెక్షను ప్రకారం ఆ ప్రాంతంలోనూ చుట్టుపక్కలా ఉన్న ప్రతి ఊళ్లో, ప్రతి పట్టణంలో, స్థానిక భాషలో చాటింపు వేయించాలి. హద్దులు చెప్పాలి. ఇందులో హక్కున్నవాళ్లు రెండు నెలల్లోగా రాసివ్వండి అనాలి. వచ్చిన ప్రతి దావా మీద విచారణ జరపాలి. హక్కు నిజమని తేలితే 24వ సెక్షను మూడు దారులిచ్చింది: ఆ భూమిని అభయారణ్యం హద్దుల్లోంచి తప్పించడం, డబ్బిచ్చి తీసుకోవడం, లేదా ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారితో సంప్రదించి ఆ హక్కును కొనసాగనివ్వడం. ఇవన్నీ అయ్యాకే 26-ఎ కింద తుది ప్రకటన.

దీనికన్నా మర్యాదగల చట్టం మన దగ్గర తక్కువ. మరి ఐదో కాంటూరు లోపల సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి, మరో 5 వేల ఎకరాల పైచిలుకు డి-ఫారం పట్టా భూమి ఉన్నాయని తుది ప్రకటన వచ్చి ఏళ్లు గడిచాక కూడా చర్చ ఎందుకు నడుస్తోంది? తాతలనాటి జిరాయితీ రైతు ఇప్పటికీ పరిహారమో, మినహాయింపో అడుగుతూ ఎందుకు తిరుగుతున్నాడు? ఆ రెండు నెలల్లో తేలాల్సినవి అప్పుడు తేలలేదనే కదా అర్థం.

రెవెన్యూ ఫైళ్లలో ఒక పాత మాటుంది: టాంటాం వేయించితిమి. డప్పు కొట్టించి చెప్పామని. ఫైలు లోపల ఆ కాగితం ఉంటే చట్టం దృష్టిలో ఊరంతా విన్నట్టే. ఎవరు విన్నారు, ఎవరు పడవలో చేపలవేటకు పోయారు, ఎవరు దాళ్వా కోతలకు పొరుగూరెళ్లారు అన్నది ఫైలుకు పట్టదు. ఆ రెండు నెలలు దాటితే హక్కు హక్కుగా మిగలదు. అంతకుముందు అభ్యంతరం అని రాస్తే అధికారి విచారించి తీరాలి. ఆ తర్వాత అదే కాగితం మీద విజ్ఞప్తి అని రాయాలి. విజ్ఞప్తిని విని తీరాలని ఎక్కడా లేదు. నోటిఫికేషన్ల కథంతా నా దృష్టిలో ఇదే: మాట చెల్లే రోజులు కొన్నే ఉంటాయి, అవి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాయో ఆ మాట చెప్పాల్సినవాడికే తెలియదు.

జనానికి తెలియజేయని చట్టం చట్టమే కాదని మన సుప్రీంకోర్టు 1951లోనే తేల్చింది. హర్లా అనే రాజస్థాన్ వాసి పరిమితికి మించి నల్లమందు ఉంచుకున్నాడని యాభై రూపాయలు జరిమానా వేశారు. ఆ నేరానికి ఆధారం జైపూర్ సంస్థాన మంత్రిమండలి 1923లో ఒక తీర్మానంతో తెచ్చిన చట్టం. దాన్ని గెజిట్‌లో వేయలేదు, ఇంకెక్కడా ప్రకటించలేదు. జస్టిస్ వివియన్ బోస్ ఆ శిక్షను కొట్టేశారు. గదిలో తలుపులేసుకుని చేసుకున్న తీర్మానంతో బయటి మనిషిని శిక్షించడం సహజన్యాయానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారం. ఆ యాభై రూపాయల కేసు వల్లే ఈ దేశంలో గెజిట్‌కు అంత విలువ. అయితే ఆ విలువ క్రమంగా ఒక తంతుగా మారింది. గెజిట్‌లో పడితే చాలు, అందరికీ తెలిసినట్టే.

2006 వేసవి, 2008 తీర్మానం

జీఓ 120 అంటే ఏమిటో లంకల్లో కూలికెళ్లే మనిషికి కూడా 2006లో అర్థమైంది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ వచ్చి చూసింది. ఐదో కాంటూరు లోపలి చెరువులు తీసేయాల్సిందేనంది. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు మొదలుపెట్టింది. ప్రొక్లెయినర్లు లంకల్లోకి దిగాయి. వేల ఎకరాల్లో గట్లు తెగాయి. లీజుదారుడు నష్టపోయాడు గానీ మరోచోట చెరువు తవ్వుకున్నాడు. వాటా డబ్బు మీద బతికిన ఇళ్లకు మరోచోటు లేదు. తరవాతి ఏళ్లలో గట్లు మళ్లీ లేచాయి, మళ్లీ తెగాయి, ఇంకా ఆ దాగుడుమూతలు నడుస్తున్నాయి.

రెండేళ్లు తిరిగేసరికి రాజకీయం కరిగింది. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. లంకల్లో అదొక విజయం. ఇక్కడే ఒక చిన్న సవరణ సంగతి చెప్పాలి. దాన్ని ఇంత దూరం వచ్చాక కూడా చాలామంది గమనించరు. 26-ఎ సెక్షనులో ఒకప్పుడు, రాష్ట్ర శాసనసభ తీర్మానం లేకుండా అభయారణ్యం హద్దులు మార్చకూడదని ఉండేది. అంటే మార్చే తాళంచెవి శాసనసభ దగ్గరే ఉంది. 2002 నాటి సవరణ చట్టం ఆ మాట తీసేసి, జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉంటేనే మార్చాలని రాసింది. అది 2003లో అమల్లోకి వచ్చింది. దీనికితోడు అభయారణ్యాల హద్దుల్ని కదపాలంటే సుప్రీంకోర్టు అనుమతి కూడా ఉండాలన్న ఆదేశం 2000 నవంబరు నుంచే ఉంది. అంటే జీఓ వచ్చిన కొత్తలో శాసనసభ చేతిలో ఉన్న అధికారం, శాసనసభ దాన్ని వాడుకోవాలనుకున్న నాటికి ఢిల్లీ వెళ్లిపోయింది. 2008 తీర్మానం ఆ ఢిల్లీ తలుపు దగ్గర ఇచ్చిన అర్జీ మాత్రమే. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపుకు ఒప్పుకోలేదు. 2025లో కేంద్ర సాధికార కమిటీ మళ్లీ కొల్లేటికి వచ్చింది. విజ్ఞప్తులు మళ్లీ అందాయి.

కొల్లేటి గురించి ఎన్నికల సభల్లో మాట్లాడే ఏ పార్టీ నాయకుడూ ఈ సవరణ సంగతి చెప్పగా నేను వినలేదు. చెబితే మూడో కాంటూరు హామీలో తమ చేతిలో ఉన్నదెంతో బయటపడుతుంది.

ఊరు దాటి పట్నం దాకా

ఇది లంకల గొడవ, మనకేంటి అనుకునే పట్నవాసులు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి చూడాలి. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో పిల్ల పెళ్లికని ఇంటి స్థలం అమ్మబోతే 22ఏలో పడిందంటారు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అనే సెక్షను ఉంది. ప్రభుత్వ భూములు, ఎసైన్డ్ భూములు, దేవాదాయ భూముల వంటివాటి జాబితా దాని కిందే ఉంటుంది. అందులో ఉన్న సర్వే నంబరుకు రిజిస్ట్రేషను జరగదు. ఆ నంబరులో పదెకరాలుంటే, అందులో ఒక ఎకరమే ప్రభుత్వానిదైనా, ఉపవిభజన చేయకుండా నంబరు మొత్తాన్ని జాబితాలో పెట్టేస్తే మిగతా తొమ్మిదెకరాల వాళ్లూ ఆగిపోతారు. జాబితాలో చేరేటప్పుడు ఇంటికి ఉత్తరం రాదు. అమ్మబోయిన రోజే తెలుస్తుంది. ఈ సెక్షను మీద కేసులు ఎంతగా పేరుకున్నాయంటే ఉమ్మడి హైకోర్టు ఫుల్‌బెంచి 2015లో జాబితాలు ఎలా తయారుచేయాలో, ఎలా వెల్లడించాలో కూర్చుని చెప్పాల్సివచ్చింది.

డి-పట్టా భూములదీ అదే తంతు. 2023 డిసెంబరులో జీఓ 596 వచ్చి ఇరవయ్యేళ్లు దాటిన ఎసైన్డ్ భూముల్ని ఫ్రీహోల్డ్ చేయవచ్చంది. కొందరు కొన్నారు, కొందరు అమ్మారు, కొందరు బయానాలిచ్చారు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు నిలిపేసింది. రెండు కాగితాల మధ్య బయానా ఇచ్చినవాడి పరిస్థితి ఏమిటన్నది ఏ కాగితంలోనూ రాయలేదు.

గుండుగొలను నుంచి కొవ్వూరు వైపు కొత్త జాతీయ రహదారి వచ్చినప్పుడు పత్రికల్లో సన్నటి అక్షరాలతో పేజీలకు పేజీలు సర్వే నంబర్లు పడ్డాయి. అది జాతీయ రహదారుల చట్టం కింద 3-ఎ నోటిఫికేషను. స్థానిక భాషలో ఒక పత్రికలోనైనా వేయాలి కాబట్టి వేస్తారు. అభ్యంతరానికి గడువు ఇరవయ్యొక్క రోజులు. ఆ పేజీని చాలా ఇళ్లలో పకోడీలకో, బీరువా అరల్లోకో వాడేస్తారు. అందులో మన నంబరుందని తెలిసేది పొలంలో రాళ్లు పాతాకే.

మరి జనం చదవరా? చదువుతారు. 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా నోటిఫికేషను వచ్చి ముప్పై రోజుల గడువిస్తే ఈ ప్రాంతమంతా చదివింది. నరసాపురం జిల్లాకేంద్రం మాకే కావాలని వీధికెక్కింది. ఏప్రిల్ 4న భీమవరం కేంద్రంగా పశ్చిమగోదావరి, పక్కనే కైకలూరును కలుపుకున్న ఏలూరు జిల్లా వచ్చాయి. తాడేపల్లిగూడెం ఆ గీతకు అటు పడింది, కొల్లేరులో అధిక భాగం ఇటు పడింది. అలాగే భూహక్కుల చట్టాన్ని అమల్లోకి తెచ్చిన జీఓ 512 మొదట ఎవరి కంటా పడలేదు. రికార్డులో తప్పు పడితే రెండేళ్లలోపు సవాలు చేయాలి, లేకపోతే అదే ఖాయం అన్న మాటను లాయర్లు పట్టుకుని కోర్టులు బహిష్కరించాక ఊరూరా పాకింది. 2024 ఎన్నికల్లో అదో పెద్ద సమస్య అయింది, జులైలో శాసనసభ ఆ చట్టాన్నే రద్దు చేసింది. విప్పి చెప్పేవాళ్లుంటే జనానికి ఎంత బలం వస్తుందో చూపిన సందర్భాలివి.

చెప్పడం ఇష్టంలేని ప్రభుత్వాలకూ ఆ సంగతి తెలుసు. 2021 ఆగస్టులో రాష్ట్రప్రభుత్వం జీఓలను వెబ్‌సైటులో పెట్టడం మానేసింది. అప్పటికే నంబరు మాత్రం ఉండి లోపల ఏమీ లేని ఖాళీ జీఓల మీద దుమారం నడుస్తోంది. 2024లో ప్రభుత్వం మారాక ఆ వెబ్‌సైటు మళ్లీ తెరిచారు. తెరిచారు సరే, అందులో సింహభాగం ఇంగ్లిషే. తెలుగు అధికార భాష అని మన రాష్ట్రం 1966లోనే చట్టం చేసుకుంది. కేంద్రానిదీ అదే వరస. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను 2020లో ఇంగ్లిషు, హిందీల్లోనే పెడితే, ఎనిమిదో షెడ్యూలులోని అన్ని భాషల్లోకి తర్జుమా చేయించమని, గడువు పెంచమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. కేంద్రం చేసిన పని తర్జుమా కాదు, ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టు మెట్లెక్కడం.

రేపటి గీత

కొల్లేటి హద్దు మీద మళ్లీ ఏదో ఒక నిర్ణయం రాకతప్పదు. గీత మూడుకు జరగొచ్చు, ఐదు దగ్గరే ఆగొచ్చు, జిరాయితీ భూముల్ని తప్పించి మిగతాది ఉంచొచ్చు. నన్నడిగితే సరస్సును కుదించడం కన్నా జిరాయితీ రైతుకు డబ్బిచ్చి సొసైటీ సభ్యుడికి బతుకుతెరువు చూపించడం మేలంటాను. ఒప్పుకోనివాళ్లుంటారు, వాళ్ల వాదనకూ బలముంది. ఏది జరిగినా ఒక పని ముందే జరగాలి. ఈసారి గీతను అడుగుల్లో చెప్పి వదిలేయకూడదు. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎన్ని సెంట్లు లోపల, ఎన్ని బయట అన్నది తెలుగులో అచ్చేసి ప్రతి లంక పంచాయతీలో, ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. గడువు ఎప్పటితో ముగుస్తుందో, అర్జీ ఎవరికివ్వాలో, ఇచ్చినట్టు రసీదు ఎవరిస్తారో రాయాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు మైకు పెట్టి చెప్పినా తప్పులేదు, ఫాల్గుణంలో లంకలన్నీ అక్కడే ఉంటాయి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జీఓ అక్కర్లేదు. ప్రతి ఊళ్లో స్థానిక భాషలో చాటించాలన్న 21వ సెక్షను అమల్లోనే ఉంది. చాటింపు వేయించినట్టు ఫైలులో పెట్టే కాగితం మీద ఈసారి విన్నవాళ్ల సంతకాలు కూడా తీసుకుంటే సరిపోతుంది.